రేటింగ్ పక్కన పెట్టి.. పాతబస్తీకి పదండి!

రెజ్యూమె చివర్లో ‘హాబీస్’ అని ఒక లైన్ ఉంటుంది. చాలామంది ఫ్రెషర్లు అక్కడ రాసేది ఒకటే: ‘ట్రావెలింగ్, ఎక్స్‌ప్లోరింగ్ లోకల్ ఫుడ్’. రాయడం తేలికే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మన టెన్షన్ తగ్గిద్దామని దాని మీదే ప్రశ్న వేస్తేనే ఇబ్బంది. “హైదరాబాద్‌లో ఏడాదిగా ఉంటున్నారు కదా, ఇక్కడ కొత్తగా ఏం తిన్నారు?” “బిర్యానీ సర్.” “ఎక్కడ?” “హాస్టల్‌కి ఆర్డర్ పెట్టుకున్నాం సర్.” ఇంకేముంది? ఆ తర్వాత అడగడానికి వాళ్లకేమీ ఉండదు, చెప్పడానికి మనకేమీ ఉండదు.

ఇది ఒకరిద్దరి సంగతి కాదు. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేట, గ్రూప్స్ కోసం అశోక్‌నగర్, బ్యాంకు పరీక్షల కోసం దిల్‌సుఖ్‌నగర్.. ఇలా ఊళ్ల నుంచి వచ్చి నెలలు, ఏళ్లు ఇక్కడే ఉండేవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లలో ఎంతమంది మూసీ దాటి, చార్మినార్ ముందు సెల్ఫీ దిగడం కాకుండా ఇంకేమైనా చేశారు? ఉద్యోగం వచ్చాక మకాం ఎలాగూ మాదాపూర్, గచ్చిబౌలి వైపే. అంటే అసలు హైదరాబాద్‌ని చూడకుండానే ‘మేం హైదరాబాద్‌లో ఉంటున్నాం’ అని జీవితాంతం చెప్పుకుంటామన్నమాట.

నేను చెప్పేది సింపుల్. నెలకో పూట ఫోన్ జేబులో పెట్టి, పాతబస్తీలో నడిచి, అడిగి, కళ్లతో చూసి, ఏం తినాలో మీరే తేల్చుకోండి. ఇది టైమ్‌పాస్ కాదు. ఉద్యోగం వెతుక్కునే వయసులో బాగా అవసరమయ్యే ఒక పనికి ఇంతకన్నా చవకైన ప్రాక్టీసు ఇంకెక్కడా లేదు. ఆ పని పేరు.. సొంతంగా అంచనా వేయడం.

నాలుగు స్టార్ల వెనక ఏముంది?

యాప్‌లని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2008లో ఫుడీబే పేరుతో మొదలైన జొమాటో, 2014లో మొదలైన స్విగ్గీ రెండూ ఇంజనీరింగ్ విద్యార్థులు చదవాల్సిన పాఠాలే. స్విగ్గీ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన శ్రీహర్ష మాజేటి మన విజయవాడ అబ్బాయే. వానలో, అర్ధరాత్రి, పరీక్షల ముందు రోజు యాప్ చేసే మేలు కాదనలేం.

కానీ రేటింగ్ అంటే ఏంటో ఒక్కసారి ఆలోచించండి. 4.2 అని కనిపించే అంకెలో రుచి ఒక్కటే లేదు. డబ్బా కారిందా, డెలివరీ లేటయిందా, కూపన్ పనిచేసిందా, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఆ అంకె వేసింది ఆర్డర్ పెట్టినవాళ్లు మాత్రమే. రోజూ వచ్చి నిలబడి తిని, డబ్బులిచ్చి వెళ్లిపోయే ముసలాయన అభిప్రాయం అందులో ఉండదు. తెచ్చిన సరుకు పది గంటలకల్లా అయిపోయే బండివాడికి యాప్‌లో చేరాల్సిన అవసరమే లేదు. కాబట్టి ఆ లిస్టులో అతనే ఉండడు. డేటా సైన్స్ క్లాసులో దీన్నే శాంపిల్ బయాస్ అంటారు. క్లాసులో నోట్స్ రాసుకుంటాం, ఆకలేసినప్పుడు మర్చిపోతాం.

ఉద్యోగాల మార్కెట్ కూడా అంతే. పోర్టల్‌లో కనిపించేవే ఖాళీలు కావు. రివ్యూ సైట్‌లో స్టార్లున్నవే మంచి కంపెనీలూ కావు. అద్దాల ఆఫీసు, ఏసీ రిసెప్షన్, గూగుల్‌లో మంచి రివ్యూలు, చేతిలో ఆఫర్ లెటర్.. ఇవన్నీ చూపించి, లక్షల్లో డిపాజిట్ కట్టించుకుని, రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన సంస్థల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అక్కడ మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. స్టార్లని నమ్మడం అలవాటై, వెళ్లి చూసి, పక్కవాళ్లని అడిగి తేల్చుకునే అలవాటు తప్పినవాళ్లు. ఆ అలవాటు మళ్లీ రావాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. ఇరవై రూపాయల చాయ్ దగ్గర అంచనా తప్పితే పోయేది ఇరవై రూపాయలే. ఆఫర్ లెటర్ దగ్గర తప్పితే నాన్న చేసిన అప్పు పోతుంది.

గడియారం చూసి తినాలి

పాతబస్తీ తిండికి ఒక టైంటేబుల్ ఉంది. అది తెలియకుండా మధ్యాహ్నం ఎండలో వెళ్లి ‘ఏముంది ఇక్కడ’ అని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ.

తెల్లవారుజాము నహారీది. అరబ్బీలో ‘నహార్’ అంటే పగలు. పొద్దు మొదలయ్యేటప్పుడు తినేది కాబట్టి ఆ పేరు. మాంసం, ఎముకలు రాత్రంతా సన్నని సెగ మీద ఉడికితే వచ్చే పలుచని పులుసు ఇది. కుల్చా ముంచుకుని తింటారు. నయాపూల్ దాటగానే మదీనా చుట్టుపక్కల నయాబ్, షాదాబ్ లాంటి హోటళ్లు దీనికి పేరుపడ్డాయి. ఇదే నహారీని డబ్బాలో వేసి నలభై నిమిషాలు బైక్ మీద తిప్పితే పైన నూనె పేరుకుని, కుల్చా చల్లారి, మిగిలేది పేరు మాత్రమే. అప్పుడు తక్కువ స్టార్లు పడితే తప్పు వంటవాడిదా?

కాస్త పొద్దెక్కితే గుల్జార్ హౌజ్ దగ్గర దోశ బండ్ల టైం. చార్‌కమాన్ పక్కన గోవింద్ బండి గురించి వినే ఉంటారు. వెన్న వేసి, పెనం మీద కాల్చే ఇడ్లీ, దోశ కోసం జనం గుంపుగా నిలబడతారు. పాతబస్తీ అంటే మాంసమే అనుకునే శాకాహారులు మొదట ఇక్కడికే రావాలి. ఈ వీధుల్లో తరతరాలుగా మార్వాడీ, గుజరాతీ వ్యాపారులూ ఉన్నారు. వాళ్ల మిఠాయిలూ ఈ ఊరి రుచే.

పురానీ హవేలీ వైపు మున్షీ నాన్ ఉంది. 1851 నుంచి నడుస్తున్న పేరు అది. మొదలుపెట్టినాయన నిజాం కొలువులో గుమాస్తా, అంటే మున్షీ. ఆ ఉద్యోగం పేరే దుకాణానికి వచ్చింది. తందూర్ గోడకి అతికించి కాల్చే ఈ నాన్‌కి నాలుగు మూలలుంటాయి. అందుకే చార్‌కోనీ నాన్ అంటారు. గవర్నమెంట్ ఉద్యోగం చేస్తున్నాయన వ్యాపారం పెడితే నూట డెబ్భై ఏళ్లు దాటినా ఆ పేరు నిలిచే ఉంది! స్టార్టప్ పెట్టాలా, గ్రూప్స్ రాయాలా అని కొట్టుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి కేస్ స్టడీ ఏముంటుంది? ఒక జాగ్రత్త: ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు మెట్రో ఈ దారిలోనే రాబోతోంది. పనుల కోసం కట్టడాలు కూలుతున్నాయి, షాపులు జరుగుతున్నాయి. కాబట్టి మ్యాప్‌ని నమ్ముకోకుండా అక్కడివాళ్లని అడిగి వెళ్లండి.

సాయంత్రం చాయ్‌ది. చార్మినార్ పక్కనే 1993లో పెట్టిన నిమ్రా కేఫ్ ఉంది. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో ఉస్మానియా బిస్కెట్. తీపి, ఉప్పు రెండూ తగిలే ఆ బిస్కెట్‌కి ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరే ఉంది. దానికో బేకరీలో లుఖ్మీ తోడైతే ఆ పూటకి చాలు. నలుచదరంగా ఉండి లోపల ఖీమా కూరే మన హైదరాబాదీ సమోసా అది. ‘లుఖ్మా’ అంటే ముద్ద.

ఇంకా దక్షిణానికి వెళ్తే బార్కస్. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటు. బ్యారక్స్ అనే మాటే నోళ్లలో బార్కస్ అయింది. ఇవాళ మన జిల్లా కేంద్రాల్లో కూడా పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని ఫ్రెండ్స్‌తో తినే మండీ ఉంది చూడండి, అది తెలుగు నేలకి చేరిన దారిలో ఈ బస్తీ ఒక ముఖ్యమైన మజిలీ. మీ ఊళ్లో తిన్న ప్లేటుకి అసలు అడ్రస్ ఎక్కడుందో చూసి రావడం కన్నా మంచి ట్రావెలింగ్ ఏముంది?

భట్టీ దగ్గర ఇంజనీరింగ్

హలీమ్ సంగతి వేరే చెప్పాలి. అరబ్బుల హరీస్ నుంచి పుట్టిన ఈ వంటకానికి 2010లో జీఐ ట్యాగ్ వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మాంసాహార వంటకం ఇదే. జీఐ అంటే ఊరికే ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఏ మాంసం, ఎంత గోధుమ, ఏ పాత్ర, ఎంతసేపు, అన్నీ రాసి ఇవ్వాలి. హైదరాబాదీ హలీమ్‌కి రాగి పాత్ర, ఇటుక భట్టీ, కట్టెల మంట, దాదాపు పన్నెండు గంటల వంట.. ఇదీ లెక్క. పొడవాటి కర్రలతో ఇద్దరు ముగ్గురు నిలబడి, మాంసం ఏదో గోధుమ ఏదో తెలియనంతగా దాన్ని నూరుతారు. స్పెసిఫికేషన్, ప్రాసెస్, క్వాలిటీ కంట్రోల్ అని మనం నాలుగేళ్లు చదివే మాటలన్నీ ఆ భట్టీ దగ్గర చెమటలు కక్కుతూ కనిపిస్తాయి. రంజాన్ నెలలో సాయంత్రం షా అలీ బండ, మదీనా వైపు వెళ్తే చాలు. ఆ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ముందే చూసుకోండి.

ఇరానీ చాయ్ కూడా అంతే. డికాక్షన్ ఒక పాత్రలో మూత బిగించి ‘దమ్’ మీద ఉంటుంది. పాలు వేరే గిన్నెలో మరిగి చిక్కబడుతుంటాయి. రెండూ కలిసేది గ్లాసులోనే. అందుకే హాస్టల్లో టీపొడి, పాలు, చక్కెర ఒకేసారి పడేసి మరిగిస్తే ఆ రుచి రాదు. “భాయ్, ఇది ఇలా ఎందుకు చేస్తారు?” అని అడిగి చూడండి. రద్దీ లేని వేళైతే చాలామంది సంతోషంగా చెప్తారు. తమ పని గురించి ఎవరైనా శ్రద్ధగా అడిగితే ఇష్టపడనివాళ్లు తక్కువ. ఇంటర్వ్యూ చివర్లో “మమ్మల్ని ఏమైనా అడుగుతారా?” అంటే నీళ్లు నమిలే మనకి ఇది బాగా పనికొచ్చే ప్రాక్టీస్.

ఇంకోటి కూడా ఉంది. పాత ఇరానీ హోటళ్లలో టేబుల్ మీ ఒక్కరిదే కాదు. ఖాళీ కుర్చీ ఉంటే తెలియనివాళ్లొచ్చి కూర్చుంటారు. ఎదురుగా ఉన్నది ముత్యాల షాపులో లెక్కలు రాసేవాడు కావచ్చు, ఆటో డ్రైవర్ కావచ్చు, హైకోర్టుకి వచ్చిన వకీలు కావచ్చు. మన హిందీ అంతంతమాత్రం, వాళ్ల తెలుగు అంతంతమాత్రం. అయినా మాట నడుస్తుంది. గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలనివాళ్లకి దీన్ని మించిన కోచింగ్ ఉందా? దీనికి ఫీజు కూడా లేదు.

‘అమ్మో, పాతబస్తీయా?’

ఇంట్లో చెప్తే వచ్చే మొదటి మాట ఇదే. దాని వెనక ఉన్నది చాలావరకు పాత వార్తలు, సినిమాలు, విన్నమాటలు. పొద్దున్నే లేచి నాన్‌లు కాల్చే మనిషికి, గాజులు అమ్మే అమ్మకి ఆ వార్తలతో ఏ సంబంధమూ లేదు. రద్దీ బజార్లో ఎక్కడైనా ఉండాల్సిన జాగ్రత్తే ఇక్కడా ఉండాలి. పర్సు ముందు జేబులో పెట్టుకోండి. కొత్తవాళ్లైతే ఇద్దరు ముగ్గురు కలిసి, వెలుతురు ఉండగా వెళ్లండి. చీకటి పడ్డాక సందులు మనకి తెలియని ఊరు ఏదైనా ఒకటే. అమ్మాయిలకి సొంతూళ్లో రాత్రి బస్టాండులో ఉండే జాగ్రత్తే ఇక్కడా అవసరం. అంతకన్నా ఎక్కువ భయం పెట్టడం ఆ బస్తీకి చేసే అన్యాయం. ఒక నగరంలో సగాన్ని చూడకుండానే దాని గురించి ఒక అభిప్రాయం పెట్టుకోవడం చదువుకున్నవాళ్లకి నప్పే పని కాదు. రేపు ఆఫీసులో మీ పక్క సీటులో కూర్చునేది ఆ సగం నుంచి వచ్చినవాళ్లే కావచ్చు.

రెండో మాట: కడుపు పాడైతే? న్యాయమైన భయమే. అందుకే నా మొదటి రూల్, ఇంటర్వ్యూ ముందు రోజు కొత్త తిండి జోలికి పోవద్దు. అయిపోయాక వెళ్లండి. బాగా చేసినా సంబరమే, చేయకపోయినా ఓదార్పే. మిగతాది కళ్లతో చూసి తేల్చుకోవాల్సిందే. జనం తిరుగుతున్న చోట సరుకు నిల్వ ఉండదు. కళ్ల ముందు కాలిందీ, పొగలు కక్కుతూ గిన్నెలోంచి వచ్చిందీ నయం. కోసి తెరిచిపెట్టిన పళ్లు, ఎప్పుడు కలిపారో తెలియని చల్లని సాస్‌లు వద్దు. 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించిందని గుర్తుంచుకోండి. హోటల్ అయితే గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉందో లేదో చూడండి. అదే ఏడాది ఫుడ్ సేఫ్టీ అధికారుల తనిఖీల్లో ఏసీ రెస్టారెంట్ల వంటిళ్లలో కూడా లోపాలు బయటపడ్డాయి. అంటే బోర్డు మెరుస్తోందని నమ్మకూడదు, బండి అని భయపడకూడదు.

మూడోది డబ్బు. ఒక చాయ్, నాలుగు బిస్కెట్లు, ఒక నాన్, ఒక దోశ కలిపినా యాప్‌లో ఒక పూట ఆర్డర్ ఖర్చు దాటదు. అమీర్‌పేటలో రెడ్ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ రెండు కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున పూట హాయిగా నడవొచ్చు. తెలంగాణ అమ్మాయిలకి ఆర్టీసీ బస్సు ఉచితమే. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునేవాళ్లకైతే వంతెన దాటడమే పని.

నాలుగోది టైం. ‘ఇన్ని సిలబస్‌లు పెట్టుకుని తిరుగుళ్లా?’ అంటారు. నెలకి ఒక్క పొద్దుటి పూట అడుగుతున్నాను. రీల్స్ చూసే టైంలోంచే తీయండి, సిలబస్‌లోంచి కాదు.

రీల్ కోసం కాదు

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడు రేటింగ్ పోయి రీల్ వచ్చింది. ఎవరో అరిచి చూపించిన షాపు ముందు క్యూ, పక్క షాపు ఖాళీ. అది చూసి వెళ్తే మనం మళ్లీ వేరేవాళ్ల నాలుకతో తిన్నట్టే. అంతేకాదు, వేడి పెనం ముందు నిలబడి చెమటోడుస్తున్న మనిషి మొహంలో కెమెరా పెట్టి ‘అన్నా, ఒక్క మాట’ అనడం మర్యాద కాదు. అడిగి తీయండి. వద్దంటే మానేయండి. రంజాన్ పగటి పూట ఉపవాసంలో ఉన్నవాళ్ల ముందు ప్లేటు పట్టుకుని వీడియోలు తీయకండి. నమాజు వేళ మసీదు దారికి అడ్డం నిలబడకండి. వాళ్ల వీధిలో మనం అతిథులం, వాళ్ల పొట్టకూడు మనకి కంటెంట్ కాదు.

ఈ నగరాన్ని 2019లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో, తిండికి పేరున్న నగరంగా చేర్చింది. ఆ పేరు తెచ్చింది ఐదు నక్షత్రాల హోటళ్లు మాత్రమే కాదు. తెల్లారకముందే భట్టీ వెలిగించే చేతులవి. ఆ చేతులకి పనుండాలంటే రోజూ వచ్చి తినే జనం ఉండాలి. ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే మూతపడి, వాటి చోట మొబైల్ షాపులు, ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లు వస్తున్నాయి. మూతపడ్డాక ‘అయ్యో’ అని పోస్టు పెట్టేకన్నా తెరిచి ఉన్నప్పుడు వెళ్లి ఒక చాయ్ తాగడం మేలు.

కాబట్టి ఈ నెల ఇలా చేయండి. ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరండి. ఏం తినాలో ముందు అనుకోవద్దు. మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా ఒకసారి ఊరికే నడవండి. ఎక్కడ స్థానికులు నిలబడ్డారు, ఎక్కడ టూరిస్టులు నిలబడ్డారు, ఎవరి దగ్గర ఒకటే ఐటెం ఉంది, ఎవరి గిన్నె తొందరగా ఖాళీ అవుతోంది, గమనించండి. ముగ్గురిని అడగండి, “మీరు ఎక్కడ తింటారు?” అని. ‘ఏది ఫేమస్?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకి వచ్చే జవాబు ఫోన్‌లోనే ఉంటుంది. మూడు జవాబులూ కలవకపోతే మీరే ఒకటి తేల్చండి. తిన్నాక బాగుందో లేదో, ఎందుకో, రెండు లైన్లు నోట్స్‌లో రాసుకోండి. అప్పటిదాకా రెజ్యూమెలో ఆ హాబీ లైన్ తీసేయండి. ఒక ఆరు పూటలు తిరిగాక మళ్లీ రాయండి. అప్పుడు ఎవరు ఏం అడిగినా చెప్పడానికి మీ దగ్గర బోలెడుంటుంది.